దొరకనివి: ఆరు వందల పన్నెండు

ఇల్లు, ముందు గది
ఆగస్టు 9

మరదలికి,

నేను బాగానే ఉన్నాను. ఇది యోగక్షేమాల ఉత్తరం కాదు కాబట్టి ఆ సంగతి అక్కడితో సరి.

మీ అక్క పోయి ఆరు నెలలు దాటింది. ఆమె కంప్యూటరులో మా ఇంటి ఫైలు ఉంది. నీకు తెలుసు, ఇంకా కట్టని ఇళ్ళకి కట్టినట్టే బొమ్మలు తీయడం ఆమె ఉద్యోగం. ఊళ్ళోవాళ్ళందరికీ తీసి ఇస్తూ, మాకోసం కూడా ఒకటి గీసుకుంటూ వచ్చింది. నాలుగేళ్ళు గీసింది. చూడమని చాలాసార్లు పిలిచింది. చూస్తానన్నాను. నిన్న మొదటిసారి తెరిచాను.

గోడలున్నాయి. కప్పు ఉంది. మిగతాది లేదు. కుర్చీలుండాల్సిన చోట బూడిదరంగు పెట్టెలు, చెట్లుండాల్సిన చోట బూడిదరంగు అట్టలు. తెర మధ్యలో ఒక గడి వచ్చింది. "లైబ్రరీ ఫైళ్ళు దొరకలేదు. మొత్తం 612." దాని కింద పొడుగాటి జాబితా.

ఆమె పోయాక నువ్వు ఇక్కడ వారం రోజులున్నావు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నావు. మూడు గంటలు. కంప్యూటరు శబ్దం బయటికి వినిపించింది. అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఏం తీసుకెళ్ళావు?

నేను పనిచేసే రికార్డు గదిలో ఊళ్ళోని ప్రతి ఇంటి ప్లానూ ఉంటుంది. ఇరవయ్యెనిమిదేళ్ళలో నా చేతిలో ఒక్క ఫైలు పోలేదు. ఎవరైనా తీసుకెళ్ళి పోగొడితే, రిజిస్టరులో చివరి గడి ఒకటుంటుంది, 'బాధ్యులు' అని. అందులో వాళ్ళ పేరు రాస్తాను. నీ పేరు రాయాల్సి వస్తుందని అనుకోలేదు.

ఆ సాఫ్ట్‌వేరు లైసెన్సు మీ అక్క పేరు మీద ఉంది. నవంబరు 30తో అయిపోతుంది. పొడిగించాలంటే ఆమె ఫోనుకి ఒక నంబరు పంపుతారట, అది చెప్పాలట. ఆ ఫోను ఇప్పుడు లేదు. ఆ తేదీ దాటితే ఈ ఇల్లు నాకు తెరుచుకోదు. తీసుకున్నవి అంతలోగా పంపు.

మీ బావ


నా ఆఫీసు, కిటికీ పక్క బల్ల
ఆగస్టు 17

గౌరవనీయులైన రికార్డు కీపరు గారికి,

మీ ఉత్తరం అందింది. కోర్టు సమన్లు కూడా ఇంతకన్నా మర్యాదగా ఉంటాయి.

ఆ గదిలో నేనేం చేశానో చెప్పను. దొంగతనం మాత్రం చేయలేదు. మా అక్క వస్తువు నాకు కావాలంటే మీ ముందే అడిగి తీసుకునేదాన్ని. మీరు 'ఊఁ' అనేవారు. మీరు దేనికైనా అనేది అదేగా.

ఆ పని ఎలా జరుగుతుందో పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఒక్కసారైనా అక్కని అడిగారా? అడిగుంటే ఈ ఉత్తరం రాసేవారు కాదు. ఇల్లు గీసిన ఫైల్లో కుర్చీ ఉండదు బావగారూ. కుర్చీ పేరూ, అది ఏ అరలో ఉందో ఆ చిరునామా, అంతే ఉంటాయి. కుర్చీ వేరే చోట ఉంటుంది. ఆ వేరే చోటునే లైబ్రరీ అంటాం. ఫైలు తెరిచినప్పుడల్లా అది ఆ చిరునామాకి వెళ్ళి తలుపు తట్టి, పేరు పెట్టి పిలుస్తుంది. పలికితే తెచ్చి కూర్చోబెడుతుంది. పలక్కపోతే మీరు చూసిన బూడిదరంగు అట్ట.

కాబట్టి ముందు చిరునామా చూడండి. అక్క లైబ్రరీ అంతా ఒక నల్ల డిస్కులో ఉంటుంది, అరచేతంత ఉంటుంది, ఎప్పుడూ కంప్యూటరు ఎడమపక్కన తగిలించి ఉంచేది. అది తగిలించారా? తగిలిస్తే కంప్యూటరు దానికి ఏ అక్షరం ఇచ్చింది? అక్క ఎల్ అనే అక్షరం ఇచ్చుకుంది. వేరే చోట గుచ్చితే ఒక్కోసారి మారిపోతుంది. అప్పుడు వీధి పేరు మారిన ఇల్లు వెతుక్కుంటున్నట్టే, ఎంత తిరిగినా దొరకదు. అదీ సరిగ్గా ఉంటే, ఆ గడిలోనే 'వెతుకు' అని ఉంటుంది. నొక్కి లైబ్రరీ ఫోల్డరు చూపించండి.

ఫోన్ మాత్రం చేయకండి. ఫోనులో మీకు 'ఊఁ', 'సరే', 'ఉంటాను' అని మూడే మాటలొచ్చు. కాగితం మీద కనీసం వాక్యాలొస్తున్నాయి, తిట్లైతే తిట్లే.

మీ మరదలు


ఇల్లు, ముందు గది
ఆగస్టు 25

మరదలికి,

డిస్కు తగిలించే ఉంది. అక్షరం ఎఫ్ అని చూపించింది. ఎల్ చేశాను. తెరిచాను. 612.

'వెతుకు' నొక్కి ఫోల్డరు చూపించాను. నలభై నిమిషాలు వెతికింది. 612.

డిస్కు పాడైందేమోనని మా ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే మనిషికి ఇచ్చాను. డిస్కు శుభ్రంగా ఉందన్నాడు. అందులో 4,318 ఫైళ్ళున్నాయి, అన్నీ సక్రమంగా ఉన్నాయి. అంటే నువ్వు మొత్తం తీసుకెళ్ళలేదు. ఈ ఇంటికి కావాల్సినవి మాత్రమే ఏరి తీసుకెళ్ళి ఉండాలి. ఎందుకో నాకు తెలియదు.

జాబితాలో మొదటి కొన్ని కింద రాస్తున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి కానీ మాటలు తెలుగువే.

మొద్దు సోఫా. ఏడుపుమొహం దీపం. అత్తగారి అద్దం. ఎలక కొరికిన గోడ. అలిగిన కుర్చీ. అలిగిన కుర్చీ రెండోది. నిద్రపోని పరుపు.

ఇవి ఫైళ్ళ పేర్లేనా? లేక కంప్యూటరు ఏదో తప్పు చదువుతోందా?

మీ బావ


నా ఆఫీసు, కిటికీ పక్క బల్ల
సెప్టెంబరు 3

బావగారికి,

పేర్లే. కంప్యూటరుకి ఏ రోగమూ లేదు. ఏడుపుమొహం దీపం పేరు చూసి మధ్యాహ్నం భోజనం మానేశాను, ఆకలి లేక.

డిస్కులో నాలుగు వేల మూడు వందల పద్దెనిమిది అన్నారు. ఫిబ్రవరిలో నేను చూసినప్పుడు కూడా అదే లెక్క. నాకెందుకు గుర్తుందో తర్వాత చెప్తా. అంటే ఒక్క ఫైలు కూడా బయటికి పోలేదు. అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. పేరు పెట్టి పిలిస్తే పలకడం లేదు, అంతే.

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. 'అన్నీ సక్రమంగా ఉన్నాయి' అన్నారు. అక్క లైబ్రరీ జన్మలో సక్రమంగా లేదు బావగారూ. తలుపులన్నీ 'ఇవి కాదు' అనే ఫోల్డరులో ఉండేవి. చెట్లలో సగం 'వానొచ్చాక' లో, మిగతా సగం వంటగదిలో. నేను ఒక పూలకుండీ కోసం గంట వెతికి, చివరికి 'పళ్ళు' లో దొరికితే, 'పక్కింటావిడ పళ్ళికిలించినట్టుంది కదే ఆ కుండీ' అంది.

నిజం చెప్పండి. మీరేమైనా సర్దారా?

మరదలు


ఇల్లు, ముందు గది
సెప్టెంబరు 10

మరదలికి,

సర్దాను.

మార్చి నుంచి జూన్ దాకా. ఆఫీసు నుంచి వచ్చాక రోజుకి నలభై ఫైళ్ళు. ఆసనాలు, దీపాలు, వృక్షాలు, ఉపరితలాలు, మనుషులు. ఒక్కో వర్గానికి ఒక్కో ఫోల్డరు, ప్రతి ఫైలుకీ వరుస సంఖ్య. జాబితాలోని అలిగిన కుర్చీ ఇప్పుడు ఆసనం 001 నుంచి 377 మధ్యలో ఎక్కడో ఉంది.

ఆమె బట్టలు బీరువాలో ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. కళ్ళజోడు కిటికీ గట్టు మీదే ఉంది. వాటిని ముట్టుకోవడం నాకు చేతకాలేదు. ఫైళ్ళు సర్దడం చేతనవును. అది ఒక్కటే చేతనవును. సాయం చేస్తున్నాననుకున్నాను. ఎవరికి అని అడగకు.

పాత పేర్లు ఎక్కడా రాసుకోలేదు. ఆఫీసులో పాత నంబరు ఒకటి కొట్టేయాలంటే పక్కన కొత్తది రాసి, తేదీ వేసి, సంతకం పెడతాను. అది చేయకుండా ఇన్నేళ్ళలో ఒక్క కాగితం కదపలేదు. ఇక్కడ మాత్రం చేయలేదు. ఎందుకు చేయలేదో ఈ వారం రోజులుగా ఆలోచించాను. అవి నాకు పేర్లలా అనిపించలేదు.

మొదటి ఉత్తరం రాసేటప్పుడు ఇది నా వల్లేనని తెలియదు. రెండోది రాసేటప్పుడు అనుమానం ఉంది. అయినా నీ మీదే పెట్టాను. ఆ మాటలు ఉపసంహరించుకుంటున్నాను.

మీ బావ


నా గది, అద్దె ఇల్లు
సెప్టెంబరు 18

బావగారికి,

ఉపసంహరించుకుంటున్నారా! దానికి కూడా ఫారం ఏదైనా ఉంటే పంపండి, సంతకం పెట్టి తిరుగు టపాలో పంపిస్తా.

వారం రోజులు జవాబు రాయలేదు. రాస్తే చదవలేనివి రాస్తానని. ఇప్పుడు కూడా కోపం పోలేదు, కానీ నవంబరు దగ్గర పడుతోంది.

మా ఆఫీసులో ఆ పాత సాఫ్ట్‌వేరు ఎప్పుడో మానేశారు, కాబట్టి ఇక్కడ తెరిచే దారి లేదు. ఒక్కటే దారి ఉంది. అన్ని ఫైళ్ళనీ చిన్న బొమ్మలుగా కాగితం మీద అచ్చు వేసి, కింద మీ నంబర్లు పడేలా, నాకు పంపండి. నాలుగేళ్ళు అక్క పక్కన కూర్చుని ఆ లైబ్రరీతో పనిచేశాను. చాలా వాటి పేర్లు నాకు నోటికి వచ్చు. కొన్నిటికి పేరు పెట్టింది నేనే. ప్రతి బొమ్మ పక్కనా అక్క పేరు రాసి తిప్పి పంపుతా. మీరు అది మళ్ళీ పెట్టండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా పలకదు. అక్క తప్పు స్పెల్లింగు రాస్తే తప్పే రాయండి. దయచేసి ఏదీ బాగుచేయకండి.

పేర్లు ఊరికే పెట్టలేదు. అత్తగారి అద్దం ముందు ఎవరిని నిలబెట్టినా రెండింతలు లావు చూపించేది. మొద్దు సోఫాని ఎటు తిప్పినా గదికి అడ్డమే. ఏడుపుమొహం దీపం తల వంచుకుని ఉంటుంది, దాని కింద ఏ గదైనా ఎవరో ఇప్పుడే తిట్లు తిన్నట్టుంటుంది. అక్కకి నంబర్లు గుర్తుండేవి కావు. 'ముఖం గుర్తుంటే పేరు అదే వస్తుందే గడగడా' అనేది. 'గడగడ' అనే నా పేరు కూడా ఆవిడ పెట్టిందే, నోరు మూయనని.

అలాంటి మనిషి సామాన్లకి మీరు నంబర్లు అతికించారు.

మనుషుల ఫోల్డరు మాత్రం చివరికి ఉంచండి. ముందు సామాన్లు కానివ్వండి.

మరదలు


ఇల్లు, పై గది
అక్టోబరు 20

మరదలికి,

నువ్వు రాసి పంపిన నాలుగు కట్టలూ అందాయి. 570 పేర్లు తిరిగి పెట్టాను. ఇక 42.

ఈ ఉత్తరం ఆమె బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. పేరు పెట్టి మళ్ళీ తెరిచినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి వచ్చి కూర్చుంటోంది. మొన్న మెట్లకి చెక్క వచ్చింది. శనివారం వంటగది వచ్చింది. గట్టు ఎత్తు మామూలు కన్నా నాలుగు అంగుళాలు ఎక్కువ ఉంది. కొలిచాను. మా వంటగదిలో ఆమె నడుం నొప్పి అనేది. గట్టు పొట్టిదని ఎప్పుడూ చెప్పలేదు. చెప్పిందేమో.

మిగిలిన నలభై రెండూ మనుషులవి. ఒకటి వదిలేస్తే, మిగతా వాటి పేర్లు 'ఆయన 01' నుంచి 'ఆయన 41' దాకా ఉన్నాయి. ఆ బొమ్మలేవో నాకు తెలుసు. సర్దేటప్పుడు వాటికి 'పురుషుడు, గుర్తు తెలియదు, వెనుక నుంచి' అని పెట్టాను. ఒకే మనిషి. ఒక్కదాంట్లో కూడా ముఖం లేదు. భుజాలు కొంచెం వంగి ఉంటాయి. నడినెత్తి మీద జుట్టు పల్చబడింది. కొన్నిట్లో కూర్చుని ఏదో రాస్తుంటాడు, కొన్నిట్లో కిటికీ దగ్గర నిలబడి ఉంటాడు, ఒకదాంట్లో చెప్పులు వేసుకోవడానికి వంగి ఉన్నాడు.

నలభై ఒక్క ఫొటోలు. అంత శ్రద్ధగా ఒక మనిషిని ఎవరూ ఊరికే తీయరు.

మీ పాత ఆఫీసులో అలాంటివాడు ఎవరైనా ఉన్నాడా? ఫిబ్రవరిలో నువ్వు తలుపు వేసుకున్నది అందుకేనా? మనుషుల ఫోల్డరు చివరికి ఉంచమన్నది అందుకేనా? అతనెవరో చెప్పు. నేనేమీ అనను. తెలుసుకుంటాను, అంతే. తెలిసేదాకా ఆ పేర్లు నా చేత్తో పెట్టలేను.

మీ బావ


నా గది, అద్దె ఇల్లు
అక్టోబరు 27

బావగారికి,

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు పగలబడి నవ్వాను. పక్క గదిలో అమ్మాయి వచ్చి ఏమైందని అడిగింది. చెప్పబోయి ఏడ్చాను.

ఈసారి క్షవరం షాపుకి వెళ్ళినప్పుడు వెనక అద్దం పట్టమనండి. ఆ గుర్తు తెలియని పురుషుణ్ణి చూసుకోండి.

పెళ్ళాం 'ఆయన' అంటే ఎవరో కూడా మీకు ఒకరు ఉత్తరం రాసి చెప్పాలా?

ఇళ్ళ బొమ్మల్లో మనుషులు కావాలి. మనుషులుంటేనే ఇల్లు ఇల్లులా ఉంటుంది. బజార్లో దొరికే మనుషుల బొమ్మలు అందరి దగ్గరా అవే. అక్క మాత్రం 'మా ఇంట్లో ఒకరున్నారు, అస్సలు కదలరు' అని మిమ్మల్ని తీసుకుంది. మీ బల్ల గోడవైపుకి, అక్క బల్ల మీ వెనక. 'ముందు నుంచి తీయొచ్చు కదే' అంటే, 'ముందు నుంచి దొరకాలిగా' అనేది. చొక్కా రంగులు మార్చేది. ఒకసారి మీకు గొడుగు కూడా ఇచ్చింది.

మీరు బస్సెక్కే చోట ఆరేళ్ళు అపార్టుమెంట్ల బోర్డు ఒకటి ఉంది. అందులో వరండాలో నడిచి వెళ్ళిపోతున్నది మీరే. ఆస్పత్రి కొత్త భవనం బొమ్మలో మందుల కిటికీ దగ్గర నిలబడింది మీరే. మీ ఆఫీసుకే వచ్చిన ప్లాన్లలో, మీరే నంబరు వేసి అరలో పెట్టిన ఫైళ్ళలో, మొదటి పేజీ బొమ్మలో మీరున్నారు. 'ఆయన ఇంకా పట్టుకోలేదే' అని మొదట్లో నవ్వుతూ చెప్పేది. మీరు ఏదో ఒకరోజు ఇంటికొచ్చి 'ఇదేంటి' అంటారని చూసింది. తర్వాత ఆ సంగతి ఎత్తడం మానేసింది.

తలుపు ఎందుకు వేసుకున్నానో ఇప్పుడు చెప్తా. అక్క ఒప్పుకున్న చివరి పని, ఒక బడి భవనం బొమ్మ, సగంలో ఆగిపోయింది. ఆస్పత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని, 'పూర్తిచేసి నా పేరుతో పంపించు. పోయానని చెప్పకు, జాలితో బాగుందంటారు' అంది. పూర్తిచేసి పంపాను. అప్పుడే లైబ్రరీ లెక్క కూడా చూశాను. వాళ్ళు బాగుందనే అన్నారు. మీకు చెప్తే 'ఏ ఫైలు, ఏ తేదీ' అని అడుగుతారని చెప్పలేదు.

మూడు గంటలూ ఏడుస్తూనే చేశా. మీకు బయటికి వినిపించింది కంప్యూటరు శబ్దం ఒక్కటేనా?

మరదలు


ఇల్లు, పై గది
నవంబరు 5

మరదలికి,

అద్దం పట్టించుకున్నాను. నువ్వు చెప్పింది నిజమే.

బస్టాపు దగ్గర కూడా చూశాను. ఆ బోర్డు మీద ఇప్పుడు పళ్ళపొడి ప్రకటన ఉంది.

ఆఫీసులో ఐదేళ్ళ ఫైళ్ళు దించి చూశాను. పదకొండు చోట్ల ఉన్నాను. పదకొండింటి మీదా నా సంతకం ఉంది.

నీ చివరి ప్రశ్నకి జవాబు. కాదు. రెండూ వినిపించాయి. ఉత్తరంలో ఒకటే రాశాను.

ఫొటోల మీద తేదీలున్నాయి, వాటి వరుసలో నలభై ఒక్క పేర్లూ పెట్టాను. అన్నీ పలికాయి. ఇల్లు దాదాపు నిండింది. నేను వీధి గేటు దగ్గర ఉన్నాను, మెట్ల మీద ఉన్నాను, వంటగది కిటికీలోంచి పెరట్లో కనిపిస్తున్నాను. ఎటు చూసినా వెళ్ళిపోతూ ఉన్నాను.

611 వచ్చాయి. ఒకటి రాలేదు. దాని పేరు 'ఆయన ఇటు తిరిగాక'.

4,318 ఫైళ్ళూ రెండుసార్లు చూశాను. చెరిపేసినవి కూడా వెతికించాను. లేదు. అది ఉండాల్సిన చోట, ఆమె గీసిన ఇంటి పై గదిలో, ఆమె బల్లకి సరిగ్గా ఎదురుగా బూడిదరంగు అట్ట ఒకటి నిలబడి ఉంది. మనిషంత ఎత్తు. నా ఎత్తే.

నీ దగ్గర ఉంటే పంపు. నిందించడం కాదు. అడుగుతున్నాను.

మీ బావ


నా గది, అద్దె ఇల్లు
నవంబరు 13

బావగారికి,

అది నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు. మీరు పోగొట్టింది కూడా కాదు.

మా పనిలో ఒక అలవాటుంది. ఇంకా రాని వస్తువుకి ముందే చోటు పెడతాం. ఖాళీ అట్ట నిలబెట్టి, రాబోయే ఫైలు పేరేమిటో దానికి రాసేస్తాం. ఫైలు వచ్చిన రోజు ఆ పేరుతో అరలో పడేస్తే చాలు, బొమ్మలో దానంతటదే నిండుతుంది. అంతవరకూ జాబితాలో 'దొరకలేదు' అనే చూపిస్తుంది. ఫిబ్రవరిలో నేను తెరిచినప్పుడు మీ ఇల్లంతా నిండుగా ఉంది, ఆ ఒక్కటే లేదు.

దాని సంగతి మీకు చెప్పకూడదనుకున్నాను. అడిగారు కాబట్టి చెప్తున్నా.

పోయినేడు సెప్టెంబరులో ఒక ఆదివారం నేను మీ ఇంట్లోనే ఉన్నా, మంచం మీద పడుకుని పత్రిక చూస్తున్నా. మీరు ఆఫీసు రిజిస్టరు ఇంటికి తెచ్చుకుని రాసుకుంటున్నారు. అక్క కెమెరా పట్టుకుని తన కుర్చీలో కూర్చుంది.

"ఏమండీ, ఒక్కసారి ఇటు తిరగండి. ఒక్క ఫొటో."

"ఉండు, ఈ పేజీ అవనీ."

"పేజీ ఎక్కడికీ పోదండీ."

"నువ్వూ ఎక్కడికీ పోవుగా."

మీరు సరదాగానే అన్నారు. అక్క నవ్వింది కూడా. కెమెరా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. మీరు పేజీ తిప్పి ఇంకో పేజీ మొదలుపెట్టారు. అప్పుడు తన బల్లవైపు తిరిగి, బొమ్మలో అట్ట నిలబెట్టి, ఆ పేరు టైపు చేసింది.

అప్పటికి ఆస్పత్రి రిపోర్టు వచ్చి మూడు రోజులైంది. నాకొక్కదానికే తెలుసు. మీకెప్పుడు చెప్తావే అని అడిగితే అక్క ఏమందో చెప్పనా? "ఒక్క ఫొటో తీసుకుని చెప్తా. చెప్పాక ఆ ముఖం ఉండదుగా" అంది.

మీకు పది రోజుల తర్వాత చెప్పింది. ఫొటో లేకుండానే.

ఇప్పుడైనా మీరు ఒక ఫొటో తీయించుకుని ఆ పేరుతో పెడితే జాబితా ఖాళీ అవుతుంది. సాఫ్ట్‌వేరుకి తేడా తెలియదు. పెట్టడం, పెట్టకపోవడం మీ ఇష్టం.

ఇది రాశాక కోపం తగ్గుతుందనుకున్నా. తగ్గలేదు.

మరదలు


ఇల్లు, పై గది
నవంబరు 30

గడగడకి,

మీ అక్క పెట్టిన పేర్లన్నీ తిరిగి వాడుతున్నాను కాబట్టి ఇది కూడా వాడాను. నచ్చకపోతే చెప్పు.

ఫొటో తీయించుకున్నాను. ఆఫీసులో పక్క సీటు గుమాస్తా తీశాడు. "ఇటు చూడండి సార్, కొంచెం నవ్వండి సార్, ఎవరి మీదో కేసు పెట్టేలా ఉన్నారు" అన్నాడు. ఆరు తీశాడు. మంచివాడు.

ఆరూ ఇంటికి తెచ్చి తెర మీద పెట్టుకుని చూశాను. ఏదీ పెట్టలేదు. ఆమె అడిగింది ఏమీ తెలియని ముఖం. ఆ ఆదివారం అది నా దగ్గర ఉంది. గోడకి చూపించాను. ఇప్పుడు లేదు.

లైసెన్సుకి ఇవాళే ఆఖరు. ఇంటి బొమ్మ పూర్తిగా తయారు కావడానికి ఈ కంప్యూటరుకి తొమ్మిది గంటలు పడుతుందని చివరి కట్టతో పంపిన చీటీలో రాశావు. పొద్దున్న ఎనిమిదికి మొదలుపెట్టాను. 'ఒక ఫైలు దొరకలేదు. అయినా కొనసాగించాలా?' అని అడిగింది. అవునన్నాను.

తొమ్మిది గంటలూ ఆమె కుర్చీలోనే కూర్చున్నాను. ఇక్కణ్ణుంచి ఏం కనిపిస్తుందో ఇన్నేళ్ళూ నాకు తెలియదు. నా కుర్చీ వీపు కనిపిస్తుంది. దాని మీద చొక్కా రాసుకున్న చోట రంగు పోయింది. మధ్యాహ్నం లేచి వెళ్ళి నా కుర్చీని ఇటు తిప్పి కూర్చుని చూశాను. ఎదురుగా ఆమె బల్ల, ఖాళీ కుర్చీ, తెర మీద సగం వచ్చిన ఇల్లు. కాసేపు కూర్చుని, కుర్చీని మళ్ళీ గోడవైపుకే తిప్పేశాను.

బొమ్మ ఐదింటికి వచ్చింది. ఒక ప్రతి దీనితో పంపుతున్నాను. మొద్దు సోఫా నిజంగానే అడ్డంగా ఉంది. ఏడుపుమొహం దీపం మెట్ల కింద ఉంది, అక్కడ బాగుంది. పై గదిలో కిటికీ పెద్దది. రెండు బల్లలూ ఎదురెదురుగా వేసింది. అట్ట అలాగే ఉంది. బూడిదరంగు. అది ఏదో తెలియనివాళ్ళకి తలుపు అనిపిస్తుంది.

కొత్త రిజిస్టరు ఒకటి తెరిచాను. ఎడమవైపు ఆమె పెట్టిన పేర్లు, ఆమె రాసిన స్పెల్లింగులోనే. నా నంబర్లు కుడివైపు రాసి, ఒక్కొక్కటీ కొట్టేసి, తేదీ వేశాను. 611 వరుసలకి ఎదురుగా 'ఉంది' అని రాశాను. చివరి వరుసలో 'ఆయన ఇటు తిరిగాక. లేదు.'

ఆ వరుసకి కూడా 'బాధ్యులు' గడి ఉంది. ఆగస్టులో అందులో నీ పేరు రాస్తానన్నాను. ఇరవయ్యెనిమిదేళ్ళలో ఆ గడిలో ఎంతోమంది పేర్లు రాశాను, నాది ఎప్పుడూ రాయలేదు. పూర్తి పేరు రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను.

మీ బావ